ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ

జూన్ 4

అత్తా,

నువ్వు బాగున్నావని నాకు తెలుసు. నీకు కాస్త తలనొప్పి వచ్చినా మా నాన్న ఫోను ఆగకుండా మోగుతుంది, ఈ మధ్య మోగలేదట. నేనూ బాగానే ఉన్నాను. వేళ్ళకి అంటిన రంగులే సబ్బుకి లొంగడం లేదు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అంటావు. ఇందులో పెట్టిన కాగితం చూడు. దీన్ని ఫోటో తీసి పంపితే గులాబీ రంగు ఇటుక రంగైపోతుంది, ఇటుక రంగు మాడిపోయిన రొట్టె అయిపోతుంది. పైగా నీకు ఫోన్ చేస్తే నువ్వు వినిపించవు, జుట్టు ఆరబెట్టే మిషను వినిపిస్తుంది.

అసలు సంగతికొస్తాను. మా నాటకశాల మేకప్ గదిలో హెడ్డుగారు ఈ నెలాఖరుకి మానేస్తున్నారు. కొత్త నాటకంలో ఒకే నటి మొదటి అంకంలో పెళ్ళికూతురు, రెండో అంకంలో పిల్లల తల్లి, మూడో అంకంలో ముసలావిడ. ఆ మూడు మొహాలూ కాగితం మీద వేసి చూపించమని నన్ను అడిగారు. దీన్ని ఫేస్ చార్ట్ అంటారు. జుట్టూ చెవులూ లేని ఒక మొహం అచ్చువేసి ఉంటుంది. దాని మీద మొహానికి పూసే రంగులే పూయాలి, ఆ బ్రష్షులతోనే. పక్కన బాణం గుర్తులు పెట్టి ఏ రంగు, ఏ బ్రష్షు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి అన్నీ రాయాలి. రేపు నాకు జ్వరం వచ్చి పడుకున్నా ఇంకొకరు ఆ కాగితం చూసి అదే మొహం వేయగలగాలి.

దర్శకుడుగారికి నచ్చితే హెడ్డుగారి కుర్చీ నాది. నచ్చకపోతే నా గడువు అయిపోయినట్టే, పెట్టె సర్దుకుని నీ పార్లర్‌కి వచ్చేయాలి. అందులో నీకు వచ్చే నష్టమేమీ లేదని తెలుసు. నాకు మాత్రం ఈ ఉద్యోగం కావాలి అత్తా. ఇంత గట్టిగా నేను ఇంకేదీ కోరుకోలేదు.

ఇప్పుడు నీకు పంపినది నా మొదటి ప్రయత్నం, నవ్వితే నవ్వుకో. ఆఫీసు కాగితం మీద వేశాను. ఫౌండేషన్ రాయగానే నూనె దిగి మొహం చుట్టూ వడ బుట్టలో కాగితంలా మరక పడింది. లిప్‌స్టిక్ తిన్నగా రుద్దితే పైన కప్పిన కాగితానికి అంటుకుని ఇద్దరు ముద్దుపెట్టుకున్నట్టు తయారైంది. హెడ్డుగారు చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే తిట్టు.

పెళ్ళికూతుర్ని వేయగలను, తల్లిని వేయగలను. ముసలావిడ దగ్గరే ఆగిపోయాను. నాకు నీ ఫోటో ఒకటి కావాలి. మేకప్ లేకుండా, కిటికీ పక్కన నిలబడి, వెలుతురు ఒక వైపు నుంచి పడేలా తీయించు. నాన్నని ఎత్తుకుని పెంచినదానివి కదా, నీకంటే పెద్దవాళ్ళు మనింట్లో ఇంకెవరున్నారు?

నీ కోడలు పిల్ల

జూన్ 10

కోడలు పిల్లకి,

నీ ఉత్తరం వచ్చింది. ఆఖరి రెండు వాక్యాలూ నేను చదవలేదు అనుకుంటున్నాను, నువ్వూ రాయలేదు అనుకో.

మీ నాన్నని నేను ఎత్తుకుని తిరిగానన్నది మీ నాన్న పుట్టించిన మాట. వాడు చిన్నప్పటి నుంచీ ముదురు మొహం వాడు, పక్కన నేను ఎలా నిలబడినా చెల్లెల్లానే ఉంటాను. నా దగ్గరికి వచ్చే బ్యాంకు మేనేజరమ్మని అడుగు, టైలరమ్మని అడుగు. ఇద్దరూ వాడు నాకు అన్నయ్యనే అనుకుంటున్నారు. అనుకోనీ, నీకేం పోయింది?

ఇక నీ బొమ్మ సంగతి. నేను ఇన్నేళ్ళుగా మొహాల మీదే వేశాను గాని కాగితాల మీద వేయలేదు. మొహం కదులుతుంది, తుమ్ముతుంది, పెళ్ళివేళకి ఏడుస్తుంది. కాగితం నోరు మూసుకుని పడుంటుంది కదా, దాంతో నీకేమిటి కష్టం అనుకుని నేనే కూర్చున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది. నున్నటి కాగితం మీద పొడి ఆగదు, జారిపోతుంది. మీ మామయ్య కళ్ళజోళ్ళ షాపులో డబ్బాలకి వాడే గరుకు అట్ట తెచ్చి దాని మీద వేస్తే పట్టింది. ముందు మొహానికి రాసినట్టే కాగితానికీ తేలిక పౌడరు ఒక పూత అద్దు, తర్వాత రంగు మచ్చలు పడకుండా సమంగా పరుచుకుంటుంది. తడి ఫౌండేషన్ వద్దే వద్దు. గట్టి పౌడరు గోకి ఆ పొడితోనే మొహమంతా నింపు. లిప్‌స్టిక్‌ని పుల్లతో రవ్వంత తీసుకుని బ్రష్షుతో పల్చగా లాగు, పైన పౌడరు చల్లు, ముద్దులు ఆగిపోతాయి. నుదుటి నుంచి కిందికి దిగుతూ వెయ్యి. నీ అరచేయి కింద మెత్తటి కాగితం ఒకటి పెట్టుకో. నేను గడ్డం నుంచి మొదలుపెట్టాను, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి గడ్డమంతా నా మోచేతికి అంటింది. చివర్న జుట్టుకి కొట్టే స్ప్రే దూరం నుంచి కొడితే రంగు రాలదు. దగ్గర నుంచి కొడితే ఏమవుతుందో మీ మామయ్య చేసి చూపించాడు. ఆ పెళ్ళికూతురికి మశూచి వచ్చింది.

నువ్వు అడిగిన ఫోటో పెడుతున్నాను. మొన్ననే తీయించాను. ముడతలు కనిపించడం లేదని కంగారు పడకు, లేవు.

ఇంకో మాట. షాపు బోర్డు పాతబడిందని కొత్తది రాయించాను. 'అత్తా కోడళ్ళ బ్యూటీ పార్లర్' అని. పెయింటరు బాగా రాశాడు. నీ కుర్చీ కూడా తెప్పించాను, ఎత్తు తగ్గించేదీ పెంచేదీ. ఆ నాటకాల వాళ్ళు కాదంటే ఒక్క క్షణం కూడా బాధపడకు.

నీ అత్త
(చిన్నత్త అని రాసినా తప్పు లేదు)

జూన్ 17

అత్తా,

గరుకు అట్ట, పౌడరు పూత, పుల్లతో లిప్‌స్టిక్, అన్నీ పనిచేశాయి. పెళ్ళికూతుర్ని చూసి హెడ్డుగారు ఊఁ అన్నారు. మేకప్ గదిలో ఆ ఊఁ కోసం జనం ఏడాదులు ఎదురుచూస్తారు. తల్లి కూడా కుదిరింది. కళ్ళ కింద కొంచెం ఊదారంగు, బుగ్గలకి పొద్దున వేసి సాయంత్రానికి సగం పోయిన రంగు.

ముసలావిడ మాత్రం నన్ను ముంచింది.

నువ్వు పంపిన ఫోటోలో ముడతలు నిజంగానే లేవు. నిన్ను నమ్మాను. మా అత్తకి అంతే, ఏమీ పడలేదు అనుకుని, ఎక్కడ పడతాయో ఊహించి గీతలు గీశాను. నుదుటి మీద మూడు, కళ్ళ చివర్లలో మూడు, మూతి పక్కన చెరొకటి. నటిగారికి చూపించాం. ఆవిడ చాలాసేపు చూసి, ఇది వయసు కాదమ్మా, నా మొహానికి రూళ్ళు కొట్టావు అంది. దర్శకుడుగారు పక్కకి తిరిగి దగ్గారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. నెలాఖరు దాకా ఆగుతాం, ఇంకొకటి వేసి తీసుకురా అన్నారు. ఆ తర్వాత బయటి నుంచి ఇంకొకరిని పిలుస్తారట.

గదికి వచ్చి ఫోటో మళ్ళీ చూశాను. నీ వెనక గోడకి ఆకుపచ్చ రంగుంది. ఆ గోడకి తెల్లసున్నం వేసినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. పైన తిరుగుతున్న ఫ్యాను ఊడి మామయ్య భుజం మీద పడి ఎన్నేళ్ళైంది? ఫోటో అంచున సగం కనిపిస్తున్నది మా నాన్న. ఆయనకి జుట్టుంది అత్తా. నొక్కులు నొక్కులుగా ఉంది.

నువ్వు నన్ను ఆటపట్టించడానికి పంపావనుకుందామని చూశాను. కానీ బోర్డు రాయించావు. కుర్చీ తెప్పించావు. నేను ఇక్కడ ఓడిపోతేనే కదా అందులో కూర్చునేది. కావాలనే పంపావా? ఈ మాట అడగడానికి నాకు బాధగానే ఉంది, అడక్కుండా ఉండలేను.

నీ కోడలు

జూన్ 21

కోడలికి,

నీ బొమ్మ చెడగొట్టి నిన్ను నా షాపులో కూర్చోబెట్టుకునేంత గతిలేనిదాన్ని కాను. కుర్చీ తిరిగి పంపించేస్తాను. బోర్డు మీద సగం చెరిపించేస్తాను.

నీ చేతికి బ్రష్షు మొదట ఇచ్చింది నేను. పెరట్లో కూర్చుని మీ నాన్న గడ్డానికి నువ్వు కాటుక పూస్తే తిట్టకుండా ఇంకో బుగ్గకీ పూయమన్నది నేను. అది గుర్తుంటే నువ్వు ఆ ఉత్తరం రాసేదానివి కాదు.

ఇంక రాయను.

నీ అత్త

జూన్ 23

కోడలు పిల్లా,

రాయనన్నాను గాని ఈ కవరులో ఉన్నది చెప్పకుండా పంపితే నీకు అర్థం కాదు.

మొన్న నీకు ఉత్తరం పోస్టు చేసి వస్తుంటే ఎదురు షాపులో కొత్తగా చేరిన అమ్మాయి అద్దం తుడుస్తూ కనిపించింది. నున్నటి మొహం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు లోపలికి వస్తూనే అద్దంలో తమ మొహం చూసుకోరే. ఎదురుగా నిలబడిన నా మొహం చూస్తారు. ఈవిడ తన మొహాన్నే బాగుచేసుకోలేకపోతే నాదేం చేస్తుంది అనుకుంటారు. అందుకే రోజూ అందరికంటే ముందు షాపు తెరిచి, షట్టరు సగమే లేపి, నా మొహం వేసుకుంటాను. మీ మామయ్యకి కూడా తెలియదు. ఆయన పక్క షాపులోనే ఊరందరికీ చూపు పరీక్ష చేస్తాడు, ఇంట్లో నేను జుట్టు కత్తిరించుకున్నా నెలకి గాని చూడడు. పాత ఫోటో పంపింది నీ మీద కోపంతో కాదు. అంతకంటే కొత్తది నా దగ్గర లేదు. ఎవరైనా ఫోటో తీస్తానంటే నేనే కెమెరా పట్టుకుంటాను.

నువ్వు ఓడిపోవాలని నేను కోరుకోలేదు. నువ్వు రావాలని కోరుకున్నాను. ఆ రెండూ ఒకటేనని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. తెలిశాక సిగ్గేసింది, అందుకే అంత కోపం వచ్చింది.

నిన్న షట్టరు దించి 'కరెంటు లేదు' అని బోర్డు పెట్టాను. పక్క షాపుల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఎవరేమనుకున్నా సరేననుకున్నాను. మొహం సబ్బుతో కడుక్కున్నాను. కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ ఇన్నేళ్ళుగా నాదే, అందులో కూర్చోవడం అదే మొదలు. ఒక వైపు లైటు ఒక్కటి వేసుకుని, ట్రే మీద గరుకు అట్ట పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు వేశాను. మధ్యలో రెండుసార్లు లేచి టీ తాగొచ్చాను.

చూడు, ముడత అంటే గీత కాదు. నల్లగీత గీసి వదిలేస్తే నీ రూళ్ళే వస్తాయి. పల్లం ఉన్న చోట ముదురు రంగు, దానిని ఆనుకుని గట్టున లేత రంగు. పల్లం వైపు అంచు పదునుగా ఉండాలి, రెండో వైపు వేలితో మెత్తగా చెరిపేయాలి. పైగా ముడతలన్నీ ఒక్కలాంటివి కావు, అన్నిటికీ ఒకే బ్రష్షు పనికిరాదు. అందుకే బాణాలు పెట్టి పక్కన రాశాను.

నుదుటి మీద పైగీత సన్నం. అది మీ నాన్న, పరీక్షలు రాసిన ప్రతిసారీ. దాని కింద లోతుగా ఉన్నది షాపుకి నిప్పు అంటుకున్న ఏడాదిది, దానికి సన్న బ్రష్షు వద్దు, మొన అరిగిన మొద్దు బ్రష్షు వాడు. కనుబొమ్మల మధ్య నిలువుగా ఉన్నది మీ మామయ్య. ఆయన ఏదైనా వెతుకుతుంటే నాకు అక్కడ ముడిపడుతుంది, ఆయన రోజూ ఏదో ఒకటి వెతుకుతాడు. ఒక కనుబొమ్మ రెండోదానికంటే పైన ఉంది చూశావా, అది కస్టమర్లు బేరమాడితే లేచేది, ఇప్పుడు దిగడం మానేసింది. కళ్ళ చివర విసనకర్రలు నవ్వినవి, వాటికి ముదురు రంగు తక్కువ వెయ్యి, ఎక్కువైతే ఏడ్చినట్టుంటాయి. మూతి పక్కన ఒకే వైపు లోతుగా ఉంది. అది నోట్లో పిన్నులు పట్టుకుని మాట్లాడీ మాట్లాడీ వచ్చింది. బుగ్గ మీద పుట్టుమచ్చ పుట్టుకతోది, దాని మీదికి ఈ మధ్య చర్మం కొంచెం జారింది. గడ్డం కింద మెత్తగా ఉన్నది నువ్వు. నువ్వు ఊరెళ్ళిన రోజు నుంచి సాయంత్రాలు ఏదో ఒకటి తింటూ కూర్చుంటున్నాను.

ఇది ఎవరి మొహమని ఎవరడిగినా చెప్పకు. ముఖ్యంగా మీ నాన్నకి.

నీ అత్త
(పెద్దత్త అని రాసినా ఊరుకుంటాను, ఈ ఒక్కసారికి)

జూలై 2

అత్తా,

ముందు నన్ను క్షమించానని రాయి. తర్వాత మిగతాది చదువు.

రాశావా? సరే.

కవరు విప్పి నేను ఏడ్చాను. నవ్వాను కూడా, మామయ్య బాణం దగ్గర. చార్ట్ మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాను. పక్కన నువ్వు రాసిన మాటలు కనబడకుండా వాటి మీద నా రాతలు అంటించాను, ఏ రంగు ఏ బ్రష్షు అని మాత్రమే. నటిగారు దాన్ని బల్లమీద పెట్టి అద్దంలో తన మొహం, కాగితం మీద నీ మొహం మార్చి మార్చి చూసుకుంది. చివరికి, ఈవిడ ఒక్క మాట కూడా వెనక్కి తీసుకునే మనిషి కాదు అంది. ఆ కనుబొమ్మ చూసి నడక మార్చుకుంది, పిన్నుల ముడత చూసి మూతి ఒక పక్కకి పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. దర్శకుడుగారు దగ్గలేదు.

కుర్చీ నాది అత్తా. హెడ్డుగారు తన బ్రష్షుల సంచి నాకు ఇచ్చి వెళ్ళారు. ఈసారి ఊఁ కూడా అనలేదు, తలమీద చెయ్యి పెట్టారు.

ఇప్పుడు ఒక పొరపాటు చెప్పాలి. నిన్న నీ పాత ఫోటో గోడకి అంటిస్తుంటే చూశాను. అందులో నీ పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద ఉంది. చార్ట్‌లో ఎడమ బుగ్గ మీద వచ్చింది. ముందు ఫోటో తప్పేమో అనుకున్నాను. తర్వాత వెలిగింది. నువ్వు అద్దంలో చూసుకుంటూ వేశావు. నువ్వెప్పుడూ కస్టమర్ల మొహం కూడా అద్దంలోనే చూస్తూ వేస్తావు కదా, నీకది తిరగబడిందని అనిపించి ఉండదు. కనుబొమ్మ, పిన్నుల ముడత, అన్నీ అటువి ఇటు అయ్యాయి. నేను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవలసింది, నీ మొహం చూసి అన్నీ మర్చిపోయాను. ఇప్పుడు సరిచేయలేను. నటిగారు అలాగే నేర్చుకుంది, పోస్టర్లు కూడా అచ్చయ్యాయి.

ఇంకా పెద్ద భయం ఒకటుంది. నాన్న చెప్పాడు, నువ్వు నీ కస్టమర్లందరికీ మా కోడలి నాటకం అని చెప్పి వరసంతా టిక్కెట్లు కొనిపించావట, మన తగవుకి ముందే. బ్యాంకు మేనేజరమ్మ, టైలరమ్మ, అందరూ వస్తారు. స్టేజి మీద నీ ముడతలన్నీ లైట్ల కింద చూస్తారు. నీకు ఇబ్బందైతే రాకు, నేనేమీ అనుకోను. నీకూ మామయ్యకీ టిక్కెట్లు మాత్రం పెడుతున్నాను.

నీ కోడలు

జూలై 16

కోడలు పిల్లా,

క్షమించాను. నువ్వు రాయమన్న చోటే రాశాను, నువ్వు చూసి ఉండవు.

రాకూడదనే అనుకున్నాను. నాటకం రోజు పొద్దున జ్వరం అని మీ మామయ్యకి చెప్పాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి వేసి లేదన్నాడు. వేసింది షాపుకి నిప్పంటుకున్న ఏడాది ముడత మీదే, ఆయనకేం తెలుసు. ఇక తప్పక వచ్చాను. తెర వెనక పని ఒత్తిడిలో ఉన్న నిన్ను పలకరించకుండా వెళ్ళిపోయింది అందుకే, నా మొహం నీకు చూపించే ధైర్యం ఆ సాయంత్రం లేదు.

మొదటి అంకం పెళ్ళికూతురు బాగుంది. కనురెప్పల మీద లేత నుంచి ముదురుకి నువ్వు తీసుకెళ్ళిన తీరు చూసి నా పక్కనున్న బ్యాంకు మేనేజరమ్మ మోచేత్తో పొడిచి, ఇలా నాకు వేయవే అంది. రెండో అంకం తల్లి ఇంకా బాగుంది. మూడో అంకానికి తెర లేచేసరికి నేను కుర్చీలో కిందికి జారాను. వరసంతా నా కస్టమర్లు, తప్పించుకోవడానికి దారి కూడా లేదు.

ఆవిడ వచ్చింది. ఒక్క కనుబొమ్మ లేపి, మూతి ఒక పక్కకి పెట్టి. ఇప్పుడు అందరూ నా వైపు తిరుగుతారు అనుకున్నాను.

ఒక్కరు కూడా తిరగలేదే. టైలరమ్మ తన అత్తగారిలా ఉందని ఏడ్చింది. మేనేజరమ్మ వాళ్ళ ఆఫీసులో పాత అధికారిణిలా ఉందంది. నీ పొరపాటు కాదు, నా పొరపాటు కాదు, అద్దం చేసిన పని. వాళ్ళు రోజూ ఎదురుగా చూసే నా మొహం ఒకలా ఉంటుంది. నేను పొద్దున షట్టరు సగం లేపి చూసుకునే మొహం ఇంకోలా. ఆ రెండోది ఇన్నేళ్ళుగా నేనొక్కదాన్నే చూశాను. నేను రోజూ పౌడరు కింద దాచిపెట్టే మనిషి అంత వెలుతురులో నిలబడి మాట్లాడుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి వింది. చివర్న లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ లేచాను. నాకు నేను చప్పట్లు కొట్టుకున్నానని ఎవరికీ తెలియదు.

మీ మామయ్య జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం ఎవరో పెద్దావిడ, డెబ్భై ఏళ్ళుంటాయి, ఎన్ని కష్టాలు పడిందో," అన్నాడు. ఇంటికి వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు, ఆ రాత్రి అన్నం కూడా భయపడుతూ తిన్నాడు.

మర్నాడు పొద్దున షాపులో మొహం కడుక్కుని అద్దం ముందు కూర్చున్నాను. తాళంచెవులు వెతుక్కుంటూ మీ మామయ్య షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. నా వెనక నిలబడి అద్దంలోకి చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిన్న స్టేజి మీద ఉన్నది నువ్వా," అన్నాడు.

"ఇన్నాళ్ళకి కనిపించానా," అన్నాను.

ఆయన పక్కన ఉన్న నీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుర్చీ తిరిగి పంపలేదులే, నోటి మాటకి అన్నాను. అద్దంలోకే చూస్తూ, కనుబొమ్మల మధ్య ఆ నిలువు ముడత ఎందుకొచ్చిందని అడిగాడు. చెప్పాను. ఆ రోజు నుంచి తాళంచెవులు ఒకే మేకుకి తగిలిస్తున్నాడు. ఆ ముడత ఇక పోదు గాని, ఆయన ప్రయత్నం చూస్తుంటే విసనకర్రలు లోతవుతున్నాయి.

బోర్డు చెరిపించలేదు. కోడలేదని అడిగిన వాళ్ళకి మా పెద్ద బ్రాంచిలో ఉందని చెబుతున్నాను. నువ్వక్కడే ఉండు. ఆ కుర్చీ నీది, నువ్వు సంపాదించుకున్నది. ఈ కుర్చీలో మీ మామయ్య కూర్చుంటున్నాడు, ఎత్తు పెంచుకుంటూ దించుకుంటూ.

ఆటలన్నీ అయిపోయాక ఆ చార్ట్ నాకు తిరిగి పంపించు. అద్దం పక్కన తగిలిస్తాను, షట్టరు పూర్తిగా లేపినా కనబడే చోట. కవరులో పట్టదని మధ్యకి మడిచేవు. మడవకు. ఉన్న ముడతలు చాలు.

మీ నాన్నకి అక్క,
నీకు పెద్దత్త